కొంగ కంపెనీ ఆటలో ఏటి ఒడ్డు

నాకు జపాను భాష రాదు. మా ఇంట్లో ఎవరికీ రాదు. అయినా జపాను వాళ్ళ కథ ఒకటి నాకు మొదటి నుంచి చివరి దాకా తెలుసని ముప్పై ఏళ్ళుగా నమ్ముతూ వచ్చాను. నా కొడుకు చిన్నప్పుడు అన్నం దగ్గర మారాం చేస్తే ఆ కథే చెప్పి తినిపించాను. బడిలో పాఠం ముందుగా అయిపోయి, గంట ఇంకా కొట్టని రోజుల్లో పిల్లలకు అదే చెప్పాను. గొర్రెల మందతో ఊరూరూ తిరిగే పిల్లవాడి కథ అది. వాడితో పాటు నడిచే బీరి అనే పిల్ల ఏటి ఒడ్డున తప్పిపోతుంది. వాడు ఆమెను వెతుక్కుంటూ వెనక్కి వస్తాడు. "జపాన్ల బీరి అని పేరు పెట్టుకుంటరా టీచర్?" అని ఒక పిల్ల అడిగితే, "వాళ్ళ పేరు నోరు తిరగదు, అందుకని మేం అట్ల పిలుచుకునేటోళ్ళం" అని చెప్పినట్టు గుర్తు. మొన్న వేసవిలో కోదాడ వెళ్ళినప్పుడు ఆ నమ్మకం కాస్తా పోయింది. పోయిన చోట ఏం మిగిలిందో చెప్పమంటే మాత్రం చెప్పలేను. ఇది రాయడం మొదలుపెట్టిందే, రాస్తే ఏమైనా తేలుతుందేమోనని.

కోదాడలో మా తమ్ముడు ఇంటి మీద ఇంకో అంతస్తు వేశాడు. చూసి రమ్మంటే వెళ్ళాను. మా తమ్ముడి కూతురు హారిక ఇంజనీరింగ్ చదువుతోంది. పరీక్షలు అయిపోయినట్టున్నాయి, కొత్త గదిలో టీవీ ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని వీడియో గేము ఆడుతోంది. నేను గోడల రంగు చూస్తూ గదిలోకి అడుగుపెట్టాను. అప్పుడే తెర మొత్తం నీలంగా మారింది. ఆ నీలం మీద ఎడమ పక్క నుంచి ఒక తెల్ల కొంగ ఎగురుకుంటూ వచ్చి మధ్యలో వాలి, ఒంటికాలి మీద నిలబడింది. దానితో పాటే నాలుగు ముక్కల చిన్న రాగం. నా చేతిలో చాయ్ గ్లాసు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో తెలియదు. తర్వాత మా మరదలు కిటికీలోంచి తీసింది.

"హారికా, ఇదెక్కడిదే?" అన్నాను.

"పాత గేమ్స్ అత్తా. జపాన్ కంపెనీది. అది ఎప్పుడో మూసేశారంట. ఇంకెవరో కొనుక్కుని, వాళ్ళు చేసినవన్నీ ఒక్కచోట పెట్టి, ఇంగ్లీషులోకి మార్చి మళ్ళీ వదిలారు. నీకెలా తెలుసు?"

నాకెలా తెలుసో చెప్పాలంటే సూర్యాపేటలో మేమున్న కిరాయి ఇంటి దగ్గర మొదలుపెట్టాలి.

ఆ ఇల్లు బస్టాండుకు బాగా దగ్గర. బస్సులు వెనక్కి తీసేటప్పుడు వేసే విజిళ్ళు మా వంటింట్లోకి వినపడేవి. మా నాయన బస్సు కండక్టరు. సూర్యాపేట నుంచి కోదాడ, కోదాడ నుంచి మిర్యాలగూడ, అక్కడి నుంచి మళ్ళీ మా ఊరు. మూడు ఊళ్ళ దుమ్మూ ఆయన ఖాకీ చొక్కా మీద ఉండేది. ఇంటికి రాగానే తోలు సంచిని మేకుకు తగిలించి, కాళ్ళు కడుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా కాసేపు గడప మీద కూర్చునేవాడు. పొద్దంతా జనంతో మాట్లాడి మాట్లాడి ఆయనకు ఇంట్లో మాట అంటేనే విసుగు. అమ్మ కిరసనాయిలు స్టవ్వు మీద చింతపండు చారు కాచేది. పప్పు మాత్రం కట్టెల పొయ్యి మీదే. ఎందుకని అడిగితే స్టవ్వు మీద పప్పుకు రుచి రాదనేది. ఆ రెండు పొగలూ కలిసిన వాసన ఇప్పుడు ఎక్కడా తగలదు. మా ఇంట్లో కూడా తగలదు. నేనే ఇండక్షన్ పొయ్యి కొనుక్కున్నాను మరి, ఎవరిని అనాలి?

నాయనమ్మది ముందుగదిలో నులక మంచం. దాని మీద గొంగడి. ఎండాకాలమైనా సరే గొంగడి ఉండాల్సిందే. వాన చినుకు పడి తడిసిన రోజు ఆ గొంగడి నుంచి వచ్చే వాసన ఇల్లంతా నిండేది. అమ్మ ముక్కు మూసుకునేది కాదు గానీ అగరుబత్తి ముట్టించేది. నాయనమ్మకు అర్థమయ్యేది, ఏమీ అనేది కాదు. అసలు ఆమె అన్నదే తక్కువ. పొద్దున్నే జొన్నరొట్టె, వెల్లుల్లి కారం. తర్వాత వాకిట్లో కూర్చుని బస్టాండుకు పోయే జనాన్ని చూడడం. ఎవరైనా ముసలాయన భుజాన గొంగడి, చేతిలో కర్ర పట్టుకుని పోతుంటే మాత్రం లేచి నిలబడేది. "ఏ ఊరు మీది?" అని అడిగేది. వాళ్ళు తుంగతుర్తి దిక్కు అంటే ఇంకో రెండు మాటలు మాట్లాడేది. కాదంటే కూర్చునేది. మా తాతది నడిగూడెం. గొర్రెలు కాసే కుటుంబం. మరి ఈమెకు తుంగతుర్తితో ఏం పని అని నేనెప్పుడూ అడగలేదు. పెద్దవాళ్ళకు అలవాట్లు ఉంటాయి, వాటికి కారణాలు కూడా ఉంటాయని చిన్నతనంలో తోచదు.

మా నాయన తమ్ముడు, అంటే మా చిన్నాయన, హైదరాబాదులో టీవీ, రేడియో రిపేరు కోర్సు చేస్తానని వెళ్ళాడు. కోర్సు సగంలో ఉండగానే తిరిగొచ్చాడు. బట్టల సంచిలోంచి ఒక తెల్ల డబ్బా, రెండు వైర్లు, చేతిలో పట్టుకుని నొక్కే మీటలు, ఓ ఐదు బూడిదరంగు క్యాసెట్లు బయటికి తీశాడు. హాస్టలు గదిలో తోటివాడు వదిలేసి పోయాడట. "సదువుకొని రమ్మంటె డబ్బ పట్టుకొచ్చినవారా!" అంది నాయనమ్మ. నాయన గడప మీది నుంచి తల తిప్పి చూసి, మళ్ళీ అటు తిప్పుకున్నాడు. ఇక ఆ రోజు నుంచి మా ఇంట్లో సాయంత్రాలు మారిపోయాయి.

ఐదు క్యాసెట్లూ ఒకే కంపెనీవి. పేరు జపాను అక్షరాల్లో ఉండేది కాబట్టి మాకు దాని బొమ్మే పేరు, కొంగ కంపెనీ. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఐదూ కనపడతాయి. ఒకటి మట్టిరోడ్ల మీద మోటారుసైకిళ్ళ పందెం. ఒకటి తుఫానులో చేపల పడవ నడపడం. ఇంకొకటి మిఠాయి దుకాణం. వచ్చినవాళ్ళకు ఏం కావాలో బొమ్మలో చూపిస్తారు, గబగబా అందివ్వాలి. అమ్మ పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చి ఆడేది ఆ ఒక్కటే. నాలుగోది ఇళ్ళ పైకప్పుల మీద పరుగెత్తే ఆట. ఐదోది నడక ఆట. కొంగ కంపెనీ వాళ్ళకు కొన్ని అలవాట్లుండేవి. ఏ ఆటలోనైనా ఎక్కడో ఒకచోట వాన కురిసేది. ఇంకా ముఖ్యం, వాళ్ళ ఆటల్లో ఎవరూ చచ్చిపోయేవాళ్ళు కాదు. ఓడిపోతే ఆ బొమ్మ మనిషి నేల మీద చతికిలబడి, మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చునేవాడు. పక్క వీధి పిల్లల దగ్గరున్న ఆటల్లో మనుషులు పేలిపోతుంటే మా దాంట్లో కూర్చునేవాళ్ళు. అది మొదట పట్టుకున్నది నాయనమ్మే. "సచ్చిపోడు పాపం. అలిసిపోయి కూసుంటడు" అంది. అప్పటి దాకా టీవీ వైపు చూడని మనిషి, ఆ మాటన్న రోజు నుంచి మంచాన్ని టీవీకి ఎదురుగా వేయించుకుంది.

నడక ఆటలో ఒక పిల్లవాడు. చేతిలో కర్ర. వాడి వెనక తెల్లగా, గుండ్రంగా, ఎగురుకుంటూ వచ్చే జీవాలు. వాటిని ఊరూరూ దాటించి ఎక్కడికో తీసుకుపోవాలి. ఊళ్ళల్లో మనుషులు ఎదురైతే తెర అడుగున ఒక నల్లటి పెట్టె తెరుచుకుని, దాంట్లో జపాను అక్షరాలు టకటకా పడేవి. చిన్నాయనకు అవి చదవడం రాదు. మీట నొక్కితే పోతాయి, అంతే తెలుసు. నాకూ తమ్ముడికీ ఏం జరుగుతోందో తెలియక ఏడుపొచ్చేది. అప్పుడు మంచం మీది నుంచి నాయనమ్మ గొంతు వచ్చేది.

"గొర్ల పిలగాడు గాడు. నీళ్ళ దిక్కు తోలుకపోతున్నడు. గా ముసలామె ఏమంటున్నదంటే, మా చెల్క తొక్కిపిచ్చకు, సుట్టు తిరిగి పో అంటున్నది."

మేం నోరు తెరుచుకుని వినేవాళ్ళం. ఆమె చెప్పినట్టే పిల్లవాడు చేను తొక్కకుండా చుట్టూ తిరిగి పోయేవాడు. నిజానికి చిన్నాయన అలా నడిపేవాడు. మధ్య మధ్య ఆమె ఆ అక్షరాలను చూస్తూ మాకు తెలియని మాటలు కూడా గొణిగేది. "ఆవ్, ఆవ్" అనేది. ఒకటి రెండుసార్లు "యాడీ" అంది. నాకైతే సందేహమే లేకపోయింది, నాయనమ్మకు జపాను భాష వచ్చు. బడిలో ఆ సంగతి చెప్పాను. ఎవరూ నమ్మలేదు. నేనే నమ్మాను, చాలా ఏళ్ళు నమ్మాను.

సగం దారిలో ఆ పిల్లవాడితో ఒక అమ్మాయి కలిసేది. నాయనమ్మ ఆమెను బీరి అంది. బీరమ్మ. బీరికి ఒక కాలికే కడియం ఉందని, రెండోది నడకలో ఎక్కడో జారిపోయిందని చెప్పింది. కాలి బొటనవేలికి దెబ్బ తగిలిందని చెప్పింది. టీవీలో ఆ బొమ్మ వేలెడంత లేదు, కాళ్ళే సరిగ్గా కనపడవు. మాకు మాత్రం కడియం కూడా కనపడేది. అలా చాలా రోజులు నడిచాక ఏరు వచ్చింది. వాన. ఏటి మీద కట్టెల వంతెన. పిల్లవాడూ జీవాలూ అటు దాటారు. నల్ల పెట్టెలో అక్షరాలు చాలాసేపు పడ్డాయి. తర్వాత చూస్తే వెనక వంతెన లేదు. బీరి లేదు.

చిన్నాయన మీట నొక్కబోయాడు.

"ఆగురా," అంది నాయనమ్మ. "పిల్లేది?"

"ఇగ రాదే అమ్మా. ఆట ముందటికి పోతది."

"ఎట్ల పోతది? పిల్లను ఇడిసిపెట్టి ఎట్ల పోతరు? ఎనకకు తిప్పు."

"తిప్పనీకి తొవ్వ లేదు, సూడు, వంతెనే లేదు."

"అయితే గాడనే నిలబెట్టు."

ఆ రోజు ఆమె రొట్టె ముట్టలేదు. అమ్మ రెండుసార్లు పిలిచింది. తర్వాత చాలా రోజులు అదే పని. చిన్నాయన ఆట ముందుకు తీసుకుపోతాడు, ఎడారి వస్తుంది, కొండ వస్తుంది, ఈమె మాత్రం "ఏటికాడికి పో" అంటుంది. అతను విసుక్కుంటూనే అంత దూరం వెనక్కి నడిపించేవాడు. పిల్లవాడు అవతలి ఒడ్డున నిలబడేవాడు, వాన పడేది. నాయనమ్మ చూసేది. ఒకసారి చిన్నాయనకు నిజంగానే కోపం వచ్చింది. "అమ్మా, ఇది ఆటనే! గా పిల్ల ఉత్త బొమ్మ!" అని అరిచాడు. "ఆటైతేంది? మనుసులేనా వాండ్లు?" అంది ఆమె. బొమ్మల్ని అన్నదో, వాటిని చేసినవాళ్ళను అన్నదో, ఇంకెవరిని అన్నదో. అప్పుడు బొమ్మలనే అనుకున్నాను.

మేం ఏడుస్తుంటే తర్వాతి కథ కూడా ఆమే చెప్పింది. బీరి ఒడ్డునే కూర్చుందట. పొద్దుగూకేదాకా కూర్చుందట. నీళ్ళకు వచ్చిన ఒకామె చూసి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయిందట. ఆ ఇంట్లో మాటలు వేరు, వంట వేరు, కట్టుబట్ట వేరు. అయినా కడుపునిండా పెట్టారట. పిల్లవాడు ఏదో ఒకరోజు వెనక్కి వస్తాడట. ఆమె ఆ మాట దగ్గరే ఆపేది. వచ్చాడా అని అడిగితే "వస్తడు" అనేది. ఒకరోజు మధ్యాహ్నం కరెంటు వచ్చిపోయి, వచ్చిపోయి, క్యాసెట్టులో దాచుకున్న ఆట మొత్తం చెరిగిపోయింది. మళ్ళీ మొదటి ఊరి నుంచి నడవాలి. నా వల్ల కాదన్నాడు చిన్నాయన. నాయనమ్మ మంచాన్ని తిరిగి వాకిలి వైపు వేయించుకుంది. కొన్నాళ్ళకు చిన్నాయనకు సిమెంటు ఫ్యాక్టరీలో పని దొరికింది. ఆ డబ్బా ఎవరికో ఇచ్చేశాడు. ఇంకొన్నాళ్ళకు నాయనమ్మ పోయింది.

ఇదంతా హారికకు చెప్పాను. ఆ పిల్ల ఆడడం ఆపి విన్నది. "నడక ఆట అంటే ఇదే అయ్యుంటుంది అత్తా" అని ఒకటి తెరిచింది. అదే పిల్లవాడు, అదే కర్ర. నల్ల పెట్టెలో ఇప్పుడు ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి. నేను కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి జరిగాను. చదువుతున్న కొద్దీ నాకు అయోమయం మొదలైంది. వాడు గొర్రెల పిల్లవాడు కాదు. గంటలు పోతపోసేవాడి కొడుకు. తెల్లగా ఎగిరేవి గొర్రెలు కావు, జనం మరిచిపోయిన కలలట. వాటిని కొండ మీది గంట దగ్గరికి చేర్చాలట. "మా చెల్క తొక్కిపిచ్చకు" అన్న ముసలామె నిజానికి టీ తాగిపొమ్మంటోంది.

"ఏటికాడికి తీసుకుపోగలవా?" అన్నాను.

"చాలా దూరం అత్తా. ఉండు, ఇంతకుముందు దాచుకున్నది ఉంది," అని నేరుగా అక్కడ తెరిచింది. వాన. వంతెన. బీరి. ఆమె పేరు బీరి కాదు, జపాను పేరు ఏదో ఉంది. ఆమె వంతెన మధ్యలో ఆగి పిల్లవాడితో మాట్లాడింది. నిన్ను ఆపమని నన్ను పంపారు, ఆపలేకపోయాను, ఇక నీతో రాలేను, నేను పోతున్నాను. అంతే. ఆమె తప్పిపోలేదు. ఎవరూ వదిలిపెట్టలేదు. తన ఇష్టప్రకారం వెనుదిరిగింది. పిల్లవాడు దాటిన తర్వాత వంతెనను కూల్చింది కూడా ఆమే.

"మరి బొటనవేలు? కడియం? నీళ్ళకొచ్చిన ఆమె?" అని అడిగాను.

హారిక నా ముఖంలోకి చూసింది. "అవేం లేవు అత్తా. నేను రెండుసార్లు పూర్తిచేశాను. ఎక్కడా లేవు."

సూర్యాపేటకు తిరిగొచ్చే బస్సులో అదే ఆలోచన. కథ ఆటలో లేకపోతే ఎక్కడి నుంచి వచ్చింది? ఇంటికి రాగానే చిన్నాయనకు ఫోన్ చేశాను. పింఛను వచ్చే వయసు దగ్గరపడినా ఇంకా ఆ ఫ్యాక్టరీ ఊళ్ళోనే ఉంటున్నాడు. మొత్తం విని నవ్వాడు.

"నాయినమ్మ ఏం కథ చెప్పిందే? ఆమెకు కండ్లే సక్కగ కనపడకపోయేది. గొంగడి మీద కునికిపాట్లు పడేది. మీరు ఏడుస్తుంటే నేనే ఏదో ఒకటి అల్లి చెప్పేటోన్ని. గొర్లు అన్నది నేనే."

"బీరి అన్నది?"

"నువ్వే పెట్టినవ్ గద ఆ పేరు!"

పదేళ్ళ పిల్లను, బస్టాండు పక్కన పెరిగినదాన్ని, నాకు బీరమ్మ అనే పేరు ఎక్కడి నుంచి వస్తుంది? రాలేదని మాత్రం ఎలా చెప్పను? ముప్పై ఏళ్ళు చెప్పిన కథ. చెప్పినప్పుడల్లా ఎంత చేర్చానో, ఎంత తీసేశానో. కడియం నేనే తొడిగానేమో. తమ్ముడిని అడిగితే, "నాకు మోటారుసైకిళ్ళ ఆట ఒక్కటే గుర్తక్కా" అన్నాడు. నాయన లేడు. అమ్మ అంతకుముందే పోయింది. ఇక మిగిలింది మిర్యాలగూడలో ఉన్న మా మేనత్త. నాయనకు అక్క, నాయనమ్మకు మొదటి సంతానం.

అత్తమ్మ ఇల్లు రైసు మిల్లుల వెనక ఉంటుంది. మామయ్య మిల్లులో డ్రైవరుగా చేశాడు. వీధి మొదటి నుంచే ఉడికిన వడ్ల వాసన ముఖానికి కొడుతుంది. దండెం మీద ఆరేసిన బట్టల మీద ఊక బూడిద పడుతూనే ఉంటుంది, అత్తమ్మ దులుపుతూనే ఉంటుంది. నేను వెళ్ళేసరికి అదే పనిలో ఉంది. డెబ్బై దాటినా చెయ్యి ఆగదు. నేను ఆటల సంగతీ, కొంగ కంపెనీ సంగతీ చెబుతుంటే ఆమెకు సగం అర్థం కాలేదు. చీర దులిపి మడతపెట్టి, ఇంకొకటి అందుకుంది.

"గంతకీ నువ్వు అడిగేదేంది బిడ్డా?"

"బీరమ్మ ఎవరు అత్తమ్మా?"

ఆమె చేతిలో చీర అలాగే ఉండిపోయింది.

"నీకెవరు చెప్పిన్రు?"

"నాయినమ్మ చెప్పిందనుకుంటున్న. చిన్నాయనేమో నువ్వే పెట్టినవ్ ఆ పేరు అంటున్నడు."

"వానికేం తెలుసు, సిన్నోడు. కూసో."

అరుగు మీద కూర్చున్నాం. ఎవరైనా వింటున్నారేమోనన్నట్టు అత్తమ్మ గొంతు తగ్గించింది.

"మీ నాయినమ్మ పేరే బీరమ్మ. మీరు ఎరిగిన కొమురమ్మ అన్నది తర్వాత పెట్టిన పేరు. వాండ్లది తుంగతుర్తి దిక్కట. కరువు పడితే మందలు తోలుకొని కిష్ణ ఒడ్డుకు, దామరచర్ల దిక్కు వచ్చేటోళ్ళు. గట్ల వచ్చినప్పుడు ఏరు పొంగింది. అందరు దాటిన్రు. ఈమె ఒడ్డున కూసున్నది, కాలు నొచ్చి. పొద్దుమీకి గొర్లను లెక్కపెట్టుకున్నరంట. పిల్లలను ఎవరు లెక్కపెడతరు? ముందట పోయినోళ్ళతోని పోయిందేమో అనుకున్నరు గావచ్చు."

"మళ్ళా రాలేదా?"

"వచ్చిన్రో, ఎతికిన్రో, ఎవరికి ఎరుక. ఒక తండావోళ్ళ ఆమె నీళ్ళకు పోయి సూసి తీసుకపోయింది. ఆమెనే పెంచింది. ఈడుకొచ్చినంక, మీ కులం పిల్ల ఉన్నది అని ఆరా తీసి, నడిగూడెం మా నాయినకిచ్చి చేసిన్రు. ఆమెను యాడీ అనేది మా అమ్మ. లంబాడోళ్ళ మాటల్ల తల్లి అని."

మా నాయనమ్మకు జపాను భాష వచ్చేది కాదు. ఆ నల్ల పెట్టెలోని అక్షరాలను చూసి ఆమె గొణిగింది, తనను ఒడ్డు మీది నుంచి చెయ్యి పట్టుకుని తీసుకుపోయిన తల్లి మాటలు. పక్కనే కూర్చున్న నేను వాటిని సముద్రాల అవతలి దేశానికి అంటగట్టాను. మా బస్టాండులో రోజూ దిగే జనం మాటలవి. చెవిన పడే ఉంటాయి, పట్టించుకుని ఉండను.

"నీకు నాయినమ్మ చెప్పిందా ఇదంతా?" అన్నాను.

"అమ్మనా? ఎన్నడు చెప్పలె. మా నాయిన ఒకపారి కల్లు తాగి చెప్పిండు. తెల్లారి అడిగితే, గట్లాంటిదేం లేదు పో అన్నడు." అత్తమ్మ లేచి మళ్ళీ చీర అందుకుంది. "నిజమో, అబద్ధమో. నేనైతే నిజమనే అనుకున్న. ఆమె ఏ పెండ్లికి పోయినా మా పిల్లలందరిని చెయ్యి పట్టుకొని లెక్కపెట్టుకునేది."

అయోమయం తగ్గలేదు. ఇంకా పెరిగింది. అత్తమ్మ చెప్పింది నిజమైతే, ఆటలోని పిల్లవాడిని వెనక్కి తిప్పమని నాయనమ్మ ఎందుకు అడిగింది? నేనెప్పుడూ ఆమె పిల్లవాడి వైపు నిలబడి బీరి కోసం చూస్తోందనుకున్నాను. ఆమె బీరి వైపు కూర్చుని, దాటిపోయినవాళ్ళ కోసం చూస్తూ ఉందా? అబద్ధమైతే, చిన్నాయన అల్లిన కథలోకి నీళ్ళకు వచ్చిన ఆమె ఎలా వచ్చింది, నాయనమ్మ వాకిట్లో లేచి నిలబడి, తుంగతుర్తి అంటేనే ఎందుకు మాట్లాడేది? ఎక్కడో జపానులో ఎవరో నలుగురైదుగురు కూర్చుని గంటలూ కలలూ అని ఒక ఆట తయారుచేశారు. అది సూర్యాపేటలో ఒక కిరాయి ఇంట్లోకి వచ్చి, చదవలేని మనుషుల మధ్య ఇంకేదో అయిపోయింది. ఇప్పుడు హారిక ప్రతి మాటా చదువుకుంటుంది. ఏది ఎందుకు జరిగిందో ఆమెకు తెలుసు, తెలియకపోతే ఫోనులో వెతుక్కుంటుంది. అది మంచిదే. మాకు ఒక్క అక్షరం తెలియకపోవడం వల్లే ఆ ముసలామెకు తన మాట చెప్పుకునే చోటు దొరికిందేమో అని మాత్రం అనిపిస్తుంది. ఇలా అనుకోవడం కూడా నేను అల్లుతున్నదేనేమో.

చిన్నాయనకు మళ్ళీ ఫోన్ చేసి అత్తమ్మ చెప్పినదంతా చెప్పాను. ఈసారి నవ్వలేదు.

"అక్క నాకెన్నడు చెప్పలే," అన్నాడు. "గా ఆట ఇప్పుడు ఎవరికాడ ఉన్నది?"

"కోదాడల. హారిక కాడ."

"ఆదివారం నేనొస్త. నువ్వు కూడ రా."

ఎందుకని అడగలేదు. ఆదివారం పొద్దున్నే కోదాడ చేరాను. చిన్నాయన నాకంటే ముందే వచ్చి, కొత్త గదిలో కుర్చీ వద్దని కింద కూర్చుని ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. హారిక అతని చేతిలో మీటలు పెట్టి ఏది ఎందుకో చూపించింది. "ఇన్ని గుండీలెందుకు బిడ్డా, మాకు రెండే ఉండె" అన్నాడు. వేళ్ళు తడబడ్డాయి. పిల్లవాడు గోడకు గుద్దుకున్నాడు, రెండుసార్లు అలిసిపోయి మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. నెమ్మదిగా ఏటి దగ్గరికి వచ్చాడు. వాన మొదలైంది. నల్ల పెట్టె తెరుచుకుంది. హారిక చదివి చెప్పబోతే చిన్నాయన చెయ్యి అడ్డం పెట్టాడు. అక్షరాలన్నీ పడిపోయాయి. వంతెన పోయింది. పిల్లవాడు అవతలి ఒడ్డున ఒక్కడే మిగిలాడు.

"ఇక కొండ వైపు వెళ్ళాలి తాతా," అంది హారిక.

"ఎనకకు పోయే తొవ్వ ఏమన్న ఉన్నదా?"

"లేదు తాతా. నేను మొత్తం చూశాను. దాన్ని అలాగే చేశారు."

"ఉంటదేమో, జర సూద్దాం," అన్నాడు చిన్నాయన. పిల్లవాడిని వానలో ఒడ్డు వెంబడి నడిపించడం మొదలుపెట్టాడు.